తిరిగిచ్చిన మురబ్బా సీసా

క్లేబర్న్ స్టిడమ్ గారు అమెరికా కాంగ్రెస్ సభ్యుడు కాకముందు మా ఊళ్లో లాయరు. దాణా కొట్టు పైన ఆయన ఆఫీసు. మెట్లెక్కుతుంటే మొక్కజొన్న పిండి వాసన వచ్చేది. కెంటకీ కొండల్లో ఫీజు ఇచ్చుకునే స్తోమత ఎవరికుంది? కేసు చెప్పుకోవడానికి తలో సీసా పట్టుకెళ్లేవాళ్లు: ఊరేసిన చిక్కుళ్లు, తేనె, ఆపిల్ మురబ్బా. ఆయన సీసా తీసుకుని కిటికీ పక్క బీరువాలో లా పుస్తకాల సరసన పెట్టారంటే కేసు పట్టినట్టు. తిరిగి చేతిలో పెట్టారంటే ఆశ లేనట్టు. ఆ మాట నోటితో చెప్పడానికి ఆయనకు మనసొప్పేది కాదు.

నాన్న పొలం సరిహద్దు తగాదా మీద ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు చిన్నపిల్లగా నేనూ వెంట ఉన్నాను. మా సీసా పుస్తకాల సరసన చేరింది. ఆయన నా వేలికి కాస్త మురబ్బా రాసి, "సాక్షి ఏమంటుంది?" అని అడిగారు. ఆ తీపి ఇంకా నా నాలుక మీదే ఉంది.

తర్వాత ఆయన యుద్ధానికి వెళ్లి, ఎడమ చెయ్యి ఇటలీలో పోగొట్టుకుని వచ్చారు. మా కొండలన్నీ కలిసి ఓట్లేసి ఆయన్ని వాషింగ్టన్ పంపాయి. నాకు ఎనిమిదో తరగతితో చదువాగింది. డెంజిల్‌తో పెళ్లయింది. మా పాప లినీకి నడక రాకముందే డెంజిల్‌ని కొరియా యుద్ధానికి పంపారు. చలికాలం నుంచి ఉత్తరం లేదు. సైన్యం వాళ్లు జాడ తెలియదన్నారు.

వేసవిలో స్టిడమ్ గారు ఊరికొచ్చి పాత ఆఫీసులో కూర్చున్నారని విని, పాపని చంకనేసుకుని, మురబ్బా సీసాతో వెళ్లాను. నా ముందు ముసలి వర్జిల్ ఆయాసపడుతూ మెట్లెక్కుతున్నాడు.

"నీకు ఓటేసింది ఈ మెట్లెక్కడానికటయ్యా క్లే?"

"నువ్వు ఓటేసింది అవతలివాడికని ఊరంతా తెలుసులే. వచ్చి కూర్చో తాతా."

వర్జిల్ పనయ్యాక తలుపు దగ్గర కూలబడ్డాడు. నేను నా సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. నేనిచ్చిన సీసాని ఒక్క క్షణం చూసి నా చేతిలోనే పెట్టేశారు.

"ఇది తీసుకోలేనమ్మా."

పాపని దగ్గరికి లాక్కున్నాను. "డెంజిల్ పోయాడని మీకెప్పుడు తెలిసింది?"

ఆయన తెల్లబోయారు. వర్జిల్ అందుకున్నాడు. "సీసా వెనక్కిస్తివి. పిల్ల ఇంకేమనుకుంటుంది? మన రివాజే మర్చిపోయావా ఏంటి?"

"అయ్యో, అది కాదమ్మా. ఇప్పుడు నేను సర్కారు జీతగాణ్ణి. పని చేసిపెట్టి ఏం పుచ్చుకున్నా తప్పే. డెంజిల్ ఉన్నాడో లేడో నాకూ తెలీదు. తెలిసేదాకా వాళ్లని నిద్రపోనివ్వను."

మాట వినిపించింది. కానీ సీసా ఇంకా నా చేతిలోనే ఉంది. అది ఆయనకూ అర్థమైంది. సీసా అందుకుని, మోకాళ్ల మధ్య ఇరికించి, ఒంటి చేత్తో మూత తిప్పారు. లినీ వేలికి కాస్త రాశారు. అది చప్పరించింది.

"సాక్షి ఏమంటుంది?"

మూత బిగించి, సీసాని కిటికీలోంచి కనబడేలా పుస్తకాల సరసన పెట్టారు. "ఇది లినీది. డెంజిల్ కబురు తెలిసేదాకా నేను దాస్తాను. అప్పుడొచ్చి పట్టుకెళ్లండి."

కబురు ఇంకా రాలేదు. ఊళ్లోకి వెళ్లినప్పుడల్లా దాణా కొట్టు ముందు ఆగి, కిటికీ వంక చూస్తాను. సీసా అక్కడే ఉంటుంది. చూసుకుని, పాపని రెండో చంకకి మార్చుకుని ఇంటికొస్తాను.