గిట్టలు లేని జిరాఫీ

అప్పటికి పదకొండో పిల్ల కూడా పొట్టిదైపోయింది.

జిల్లా నుంచి వచ్చిన అధికారిణి కృష్ణకుమారి గారు కొత్త కొలత చెక్కను అంగన్‌వాడీ గది మధ్యలో పెట్టించి, ఒక్కొక్కరినీ దాని మీద నిలబెట్టిస్తున్నారు. సెక్టార్ సూపర్‌వైజర్‌ని కాబట్టి పోయిన నెల ఎత్తులు ఫోనులో చూసి చదవడం నా పని. ప్రతిసారీ చెక్క మీది అంకె ఫోనులో అంకె కంటే తక్కువ. పిల్లలు పెరుగుతారు, లేకపోతే పెరగకుండా ఆగిపోతారు. తగ్గరు. గురజాల అవతల, క్వారీల పక్కనున్న ఈ పల్లెలో తగ్గారు.

మాబున్నీసా టీచర్ తరువాతి పేరు పిలిచింది. మూడేళ్లు దాటిన రోహిణి చెప్పులు విప్పేసి చెక్క మీద బిగుసుకుని నిలబడింది. ఎనభై ఏడు. ఫోనులో తొంభై రెండు.

వాకిట్లో కూర్చున్న రోహిణి నాయనమ్మ రత్తమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “మా క్వారీ దుమ్ముకి పిల్లకాయలు కుంగిపోతన్నారా ఏంది మేడమ్?”

కృష్ణకుమారి గారు మాబున్నీసా వైపు తిరిగి, ఇంట్లో కూర్చుని అంకెలు వేశావా అని అడిగారు. మాబున్నీసా గోడకు గీసిన స్కేలు చూపించి, దాని మీద చూసిందే రాశానంది. అధికారిణి వినలేదు. తప్పుడు కొలతలు పంపిన టీచరును తీసేయమని రిపోర్టు ఈ సాయంత్రమే వెళ్ళాలి. దాని కింద నా సంతకం ఉండాలి. వయసుకు తగిన ఎత్తు లేని పిల్లలకు అదనంగా ఇచ్చే గుడ్డూ పాలూ జూన్ నుంచి ఈ కేంద్రంలో ఆగిపోయాయి. జూన్ నుంచి ఇక్కడ పొట్టి పిల్లలే లేరు మరి.

పొట్టి పిల్లలే లేరన్న మాటకే నాకు ఆగస్టులో ప్రశంసాపత్రం ఇచ్చారు. శాలువా కప్పారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన పిడుగురాళ్ళ నుంచి వచ్చిన బంధువులతో హాల్లో కూర్చుని ఉన్నాడు. నేను చెప్పులు విప్పుతుంటే, “మా మహేశ్వరికి జిల్లాలో సన్మానం చేశార్రా,” అన్నాడు. మహేశ్వరి. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన నోట నా పేరు వినడం అదే మొదలు. అప్పటిదాకా నేను ‘ఏమే’ని. పొద్దున్న, ఏమే, టిఫినేదీ. ఆఫీసు నుంచి రాగానే, ఏమే, రాళ్ళ బిల్లులు రాసిపెట్టు. వంటింట్లో గిన్నెల చప్పుడైతే, ఏమే, చెవులున్నయ్యా. అత్తగారికి నేను ‘మా వాడి ఇంటిది’. జీతం తెచ్చినంత మాత్రాన రోట్లో పచ్చడి దానంతటది నూరుకోదు కదా అని ఆవిడ పక్కింటావిడతో అంటూ ఉండేది, నేను నూరుతూ ఉండగానే. ఆ రోజు మాత్రం కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ వెలిగించకుండా కాసేపు అలాగే నిలబడ్డాను. ఇంకోసారి అంటాడేమోనని చెవి హాలు వైపే పెట్టాను. అనలేదు. అయినా ఆ ఒక్క పిలుపే చీర కొంగున కట్టుకున్నట్టు ఈ రెండు నెలలూ తిరిగాను. ఏ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా, ఆ గొంతునీ ఆ మాటనీ మళ్ళీ మళ్ళీ తెచ్చుకునేదాన్ని. మళ్ళీ అలా పిలిపించుకోవడానికి ఇంకెంతమంది పిల్లలు పొడుగవ్వాలో అనుకునేదాన్ని.

“రోహిణిని ఒకసారి గోడ దగ్గర నిలబెట్టి చూద్దాం మేడమ్,” అన్నాను.

గోడ మీది స్కేలు అంటే జిరాఫీ బొమ్మ. పొడుగాటి మెడ పక్కన అంకెలు, యాభై నుంచి పైకి. రోహిణి దానికి వీపు ఆనించి నిలబడింది. నేనే అట్ట పెట్టి తల మీద ఆనించాను. తొంభై రెండు.

కృష్ణకుమారి గారు కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూశారు. ఒకే గది. ఒకే పిల్ల. రెండు ఎత్తులు.

రోహిణికి ఈ ఆట నచ్చినట్టుంది. కిందికి వంగి జిరాఫీ కాలు తడిమింది. “దీని కాళ్ళు బురదలో దిగబడినయ్,” అంది.

నేను వంగి చూశాను. నిజమే. కాళ్ళు సన్నగా కిందికి వచ్చి నాపరాళ్ళ గచ్చులోకి దిగిపోయాయి. గిట్టలు లేవు. ఆ గిట్టలు నాకు తెలుసు. ఈ బొమ్మ వేయించింది నేనే. పెయింటరు గిట్టలు వదిలేస్తే, దగ్గర నిలబడి నల్లరంగుతో దిద్దించాను. వేసవి సెలవులకు ముందు పిల్లలు వాటి పక్కన తమ పాదాలు పెట్టి కొలుచుకునేవాళ్ళు. సెలవుల్లో గది బాగు చేయించారు. పాత గచ్చు పగలగొట్టి, అదే మట్టానికి కొత్త నాపరాళ్ళు పరవాలి. పగలగొట్టలేదు. పాత గచ్చు మీదే సిమెంటు పోసి, పైన రాళ్ళు పరిచేశారు. నేల రెండంగుళాలు లేచింది. నేలతో పాటు పిల్లలూ లేచారు. గోడ మీది అంకెలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. జూన్‌లో కేంద్రం తెరిచినప్పుడు పిల్లలు పొడుగయ్యారని మాబున్నీసాతో పాటు నేనూ మురిసిపోయాను.

ఫోను తీసుకుని గది వెనక్కి వచ్చాను. మా ఆయన రెండోసారికి ఎత్తాడు. వెనక రాయి కోసే మిషను చప్పుడు. తను వేయించిన గచ్చు సంగతి చెప్పాను. పాత గచ్చు తియ్యలేదా అని అడిగాను. ఆయన తడుముకోలేదు. మేస్త్రీ అప్పుడే అన్నాడట, నేల లేస్తే బొమ్మ మీది కొలత తేడా వస్తదని.

“మీకు తెలుసా?”

“తెలుసు. పిల్లకాయలు పొడుగైతే ఎవురికే నష్టం? శాలువా కప్పుకున్నప్పుడు బాగానే ఉందిగా నీకు.”

రోహిణికి నాలుగు నెలలుగా గుడ్డు లేదన్నాను. కన్నవాళ్ళు పెట్టుకుంటారన్నాడు. మాబున్నీసా ఉద్యోగం పోతుందన్నాను. మిషను ఆపమని ఎవరినో కేకేసి, గొంతు తగ్గించాడు. బిల్లు మీద ఉన్నది తన డ్రైవరు బ్రహ్మాజీ పేరని, తన దాకా ఏదీ రాదని, నేను కలగజేసుకోకుండా ఉంటే చాలునని చెప్పాడు.

“ఆ టీచరమ్మ మీదకి పోతే పోనియ్. సంతకం పెట్టి ఇంటికి రా.” ఆ తరువాత చాలా మెత్తగా, “నా మాట ఇను, మహేశ్వరీ,” అన్నాడు.

ఫోను చెవికి అలాగే ఆనించి ఉంచాను. అవతల పెట్టేశాడని తెలుసు. ఆగస్టు నుంచి ఎదురుచూసిన పిలుపు అదే. అదే గొంతు, అదే పేరు. ఎండలో నిలబడి దానికోసం లోపల తడుముకున్నాను. ఎక్కడో వంటింట్లో వెలిగించని స్టవ్ పక్కన నిలబడ్డ మనిషి ఇంకా చెవి అటే పెట్టి ఉంది. ఆవిడ మీద నాకు జాలి వేసింది. రెండంగుళాల మోసం మీద నిలబెడితే తప్ప తన పేరు ఆయనకు అందలేదు పాపం.

నేను గదిలోకి వచ్చేసరికి కృష్ణకుమారి గారు వంగి, కారు తాళంతో రాళ్ళ సందు గోకుతున్నారు. విషయం ఆవిడకూ అర్థమైంది. ఈ గచ్చు ఎవరు వేశారని అడిగారు. బిల్లులో బ్రహ్మాజీ అని ఉంది, ఆయన ఎక్కడుంటాడని అడిగారు. వేసినవాడు తేలకపోతే, నేల లేచినా చూడకుండా కొలిచిన టీచరే జవాబు చెప్పాలన్నారు.

రత్తమ్మ కొంగు సర్దుకుంది. ఆమె కొడుకు మా ఆయన క్వారీలోనే రాయి కొడతాడు. వాకిట్లో ఉన్న తల్లులందరూ నేల చూపులు చూశారు. ఆ తరువాత ఒక్కొక్కరే తలెత్తి నా వైపు చూశారు. మాబున్నీసా మాత్రం చూడలేదు. ఆమెకూ తెలుసు. రాళ్ళు పరుస్తున్న రోజుల్లో మా ఆయనకు టీ ఇచ్చింది ఆమే. నోరు విప్పితే తన ఉద్యోగం దక్కుతుంది. నా కాపురం ఏమవుతుందోనని విప్పడం లేదు.

“బ్రహ్మాజీ కారు నడుపుతాడు మేడమ్. రాయి వెయ్యడు,” అన్నాను. “వేయించింది వేరే ఆయన.”

“ఎవరు?”

కొత్తకోడలిగా గడప దగ్గర నిలబడ్డప్పుడు ఆడపడుచు అడ్డం నిలబడి అడిగిందీ ఇదే. ఎవరితో వచ్చావో పేరు చెప్పు, చెప్తేనే లోపలికి. ఎంత ఇష్టంగా చెప్పానో. వారం రోజుల ముందు నుంచీ లోపల్లోపల అనుకుని, తీపి చేసుకున్న పేరు. అందరూ గొల్లున నవ్వారు. లోపలికి వెళ్ళాక అత్తగారు చెప్పింది, ముచ్చట తీరింది కదా, ఇంక ఎత్తమాక, మొగుడి పేరెత్తితే ఆయుష్షు తగ్గుద్ది అని. అప్పటినుంచి ఎత్తలేదు. బ్యాంకులో అడిగితే ఆధార్ కార్డు ముందుకు జరిపాను. ఆసుపత్రిలో అడిగితే కాగితం తీసుకుని రాసిచ్చాను. బస్సు దిగాల్సిన స్టాపు ఆయన పేరున్న దేవుడి గుడి కాబట్టి, కండక్టరుతో హనుమంతుడి గుడి అనే అన్నాను. ఆ పేరును ప్రేమగా ఒక్కసారి పిలవాలని ఎన్ని మధ్యాహ్నాలు అన్నం గిన్నె ముందు పెట్టుకుని ఆశపడ్డానో ఆయనకు తెలియదు. ఇలా పిలవాల్సి వస్తుందని నాకూ తెలియదు.

రోహిణి ఇంకా గోడ దగ్గరే గొంతుక్కూర్చుని, జిరాఫీ కాళ్ళు పైకి లాగుదామని గోళ్ళతో గీరుతోంది.

“మీకు పేరు తెలుసా మహేశ్వరి గారూ?”

“తెలుసు మేడమ్. వీరాంజనేయులు. మా ఆయన.”