రెండో తూటా

మరిగే నీళ్ళ తొట్టిలోంచి జంట గొట్టాలను పైకి తీసి, ఓర్సొలా వాటిని కిటికీ వెలుతురుకు తిప్పి పట్టుకుంది. లోపలికి వెళ్ళేటప్పుడు ఇటుకపొడి అద్దినట్టు ఎర్రగా ఉన్న తుప్పు, ఉడికి బయటికొచ్చేసరికి మసిరంగుకు తిరిగింది. ఆవిరి ఆరేదాకా ఆగి, సన్నటి ఇనుపతీగల కుచ్చుతో రుద్దడం మొదలుపెట్టింది. పైమసి రాలిపోతుంటే అడుగునున్న నలుపు బయటపడింది. ఇంకా లేతగానే ఉంది. తుప్పు రప్పించే మందు మళ్ళీ పూయాలి, మళ్ళీ తుప్పు పట్టించాలి, మళ్ళీ ఉడికించాలి. తుపాకి గొట్టానికి నలుపు ఎక్కించడమంటే ఇంతే. తుప్పును రానిచ్చి, అది ఇనుమును తినేలోపు చంపెయ్యడం.

పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. ఆ గదిలోని తేమకు కీళ్ళు ఉబ్బి, వేళ్ళు అల్లంకొమ్ముల్లా తయారయ్యాయి. మందు తగిలి తగిలి గోళ్ళ చివరలు గోధుమరంగుకు తిరిగాయి. ఎంత సబ్బు అరగదీసినా అది పోదు. ఆదివారం చర్చికి వెళ్ళినప్పుడు చేతులు కోటు జేబుల్లో దాచుకోవడం పెళ్ళికాక ముందు అలవాటు. పెళ్ళయ్యాక మానేసింది. ఆమె చేతులు చూసే ఇష్టపడ్డానని భర్త బొర్తొలో అందరి ముందూ చెప్పేవాడు మరి.

ఆ గొట్టాలు కార్ఖానా కొత్త తుపాకివి. నమూనాగా చేసింది ఒక్కటే. ప్రతి వసంతంలోనూ బ్రెషా పట్నంలో తుపాకుల సంతకు వెళ్తుంది, వచ్చినవాళ్ళంతా ఎత్తి చూసి వేలిముద్రలు వేస్తారు, "వచ్చే ఏడు అమ్మకానికి" అన్న మాటతో తిరిగొస్తుంది. మళ్ళీ ఓర్సొలా పాత నలుపు గీకేసి కొత్త నలుపు ఎక్కిస్తుంది. అసలు ఆ తుపాకి బొర్తొలో ఆలోచన. రెండు గొట్టాలకు రెండు ట్రిగ్గర్లు ఉండటం తాతల కాలం నుంచీ ఉన్నదే. అలా కాక, ఒకే ట్రిగ్గర్. ఒకసారి నొక్కితే కుడి గొట్టం, వేలు తియ్యకుండా మళ్ళీ నొక్కితే ఎడమది. మధ్యలో రెండో తూటాను ఆపి ఉంచే చిన్న కొక్కెం ఒకటి. ఆ కొక్కేన్ని వంటింటి బల్లమీద, పొలెంటా సంకటి గిన్నె పక్కకి జరిపి, ఆకురాయితో అరగదీస్తూ కూర్చునేవాడు. ఇనుపరజను ఉప్పులో పడుతోందని ఆమె కసిరేది.

అతను పోయి మూడేళ్ళు దాటింది. తుపాకి ఇంకా అమ్మకానికి రాలేదు.

మధ్యాహ్నం కార్ఖానా భోజనానికి ఆగగానే, తలకు గుడ్డ కట్టుకుని, వానలోనే నది ఒడ్డున ఉన్న ప్రీమో రొట్టెల దుకాణానికి వెళ్ళింది. లోపల నలుగురైదుగురు ఉన్నారు. ప్రీమో నోరు ఊళ్ళో అందరికీ తెలిసిందే.

"ఏమ్మా ఓర్సొలా, పెళ్ళికూతురికి మళ్ళీ కాటుక దిద్దుతున్నావటగా? ఈ ఏడన్నా పెళ్ళవుతుందా, ముసలిదై మఠంలో చేరుతుందా?"

"నీ పిండి పులిసేదాకా నువ్వాగవూ? ఇదీ అంతే."

"మూడేళ్ళు పులిస్తే దాన్ని పిండి అనరమ్మా, పురుగుల పుట్ట అంటారు." అందరూ నవ్వారు. ప్రీమో ఆమె భుజం మీదుగా తలుపు వైపు చూశాడు. "అదుగో, వంటవాడు కూడా వచ్చాడు. బొర్తొలో పొయ్యిమీద పెట్టి వెళ్ళిన వంటను మాడబెట్టిన మొనగాడు."

తలుపు దగ్గర ఎజీదియో నిలబడి ఉన్నాడు. బొర్తొలో దగ్గర పని నేర్చుకున్నవాడు. బొర్తొలో పోయాక ఆ కొక్కెం పని అతని చేతికే వచ్చింది. కొత్తవి చేసి చూశాడు, వాలు మార్చి చూశాడు, స్ప్రింగు మార్చి చూశాడు. ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. కిందటి చలికాలం, కార్ఖానా కింది సొరంగంలో పేల్చి చూస్తుండగా, ఒకే నొక్కుకు రెండు తూటాలూ పేలాయి. తుపాకి వెనక్కి తన్నిన ఆ దెబ్బకి భుజం దగ్గర ఎముక చిట్లింది. చేతిలో పనితనం లేనివాడికి అంత పని ఎవరు ఇమ్మన్నారని ఊరంతా అంది. భుజం మానిన తర్వాత కొండ అవతల కుళాయిల ఫ్యాక్టరీలో చేరాడు.

అతను లోపలికొచ్చి డబ్బులు బల్లమీద పెట్టాడు. రొట్టె ఎడమచేత్తో అందుకుని, ఓర్సొలా వెంటే బయటికొచ్చాడు.

"వదినా, ఒక మాట."

"చెప్పు."

"అన్న ఆ కొక్కెం గురించి ఇంట్లో ఎప్పుడన్నా ఏమన్నా అనేవాడా? అంచు ఇట్లా తియ్యాలి, ఇంత వాలు ఉంచాలి, అట్లాంటిది? నాకు చూపించే ఉంటాడు. నేనే సరిగ్గా చూసి ఉండను."

"అయిపోయిందానికి ఇప్పుడెందుకురా?"

"అక్కడ లేత్ మిషను మీదికి రమ్మన్నారు. నేను పోలేదు. అట్టపెట్టెల్లో కుళాయిలు సర్దుతున్నా." వానకు తడవకుండా రొట్టెను చొక్కా లోపలికి తోసుకున్నాడు. "చేతులమీద నమ్మకం పోయింది వదినా. అందుకని అడిగా."

"ఏమీ అనలేదు," అంది ఓర్సొలా. "ఇంట్లో పని సంగతులు మాట్లాడేవాడు కాదు."

అతను తలూపి, మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళే బస్సు ఆగేచోటుకు నడిచాడు. ఒక భుజం కిందికి వాలి ఉంది.

వంతెన దాటుతుంటే ఆమెకు బొర్తొలో చివరి మాటలు గుర్తొచ్చాయి. పెద్దాసుపత్రిలో, పక్కమంచం ముసలాయన దగ్గుతుండగా, బొర్తొలో ఆమెను దగ్గరికి రమ్మని చెవిలో చెప్పాడు. "ఆ కొక్కెం ఆగదు, ఓర్సొలా. నా చేతిలోనూ ఆగలేదు. ఎవరి చేతిలోనూ ఆగదు. మొదటినుంచీ తప్పే అది, నేనే ఒప్పుకోలేదు. ఫెర్మోకి చెప్పు, దాన్ని వదిలెయ్యమను." చెప్తానంది. మర్నాడే అతను పోయాడు. సమాధి దగ్గర, కార్ఖానా యజమాని ఫెర్మో ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఊరంతా వింటుండగా, "ఆ తుపాకి వస్తుంది. దానికి బొర్తొలో పేరే పెడతాం," అన్నాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ వేళ ఎలా చెప్పడం? తర్వాత చెబుదామనుకుంది. తర్వాత అన్నది వెనక్కి జరుగుతూ పోయింది. పిల్లాజెల్లా లేని ఇంట్లో ఆమెకు మిగిలింది ఆ పేరొక్కటే. రాని తుపాకి గురించి ఊరు ఎన్ని అనుమానాలు పడ్డా, "బొర్తొలో ఉండుంటే ఎప్పుడో వచ్చేది," అనేవాళ్ళు చివరికి. ఆ మాట వినడానికి ఆమెకు బాగుండేది. ఎజీదియో భుజం విరిగిననాడు కూడా ఆమె ఆ సంగతి బయటపెట్టలేదు.

గదిలోకి వచ్చేసరికి బల్లమీద రేకు పళ్ళెం పెట్టి ఉంది. నలుపెక్కించాల్సిన చిన్న సామాన్లు. ఒక్కొక్కటీ తీగకు గుచ్చడం మొదలుపెట్టింది. మీట, మరలు, ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపుపట్టీ. ట్రిగ్గర్ తీసి గుచ్చింది. పళ్ళెంలో ఇంకొకటి ఉంది. పొరపాటున పాత తుపాకిది కలిసిందేమోనని ఎత్తి చూసింది. కొత్తదే. రెండూ ఒకే జత, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి వంగి.

వెనక అడుగుల చప్పుడయింది. ఫెర్మో. చేతిలో కాఫీ కప్పు. పాతికేళ్ళలో ఆయన ఈ గదికి కాఫీ తేవడం ఆమె ఎరగదు. తలుపు గడప దగ్గర కొంచెం ఒలికింది కూడా. కప్పును కిటికీ గట్టుమీద పెట్టి, చక్కెర రెండు చెంచాలు వేశానన్నాడు.

"చూశావా?"

"చూశా."

"నీకు ముందే చెబుదామనుకున్నా. నోరు రాలేదు." ఫెర్మో గోడవైపు చూస్తూ మాట్లాడాడు. "రెండు ట్రిగ్గర్లు పెట్టేస్తున్నాం. ఇంక ఆగితే సంతలో మన మొహం చూసేవాడుండడు. నన్ను క్షమించు, ఓర్సొలా. బొర్తొలో లాంటి చెయ్యి మాకు దొరకలేదు. ఎజీదియో వల్ల కాలేదు, నావల్లా కాలేదు. పేరు మాత్రం అతనిదే ఉంటుంది. అది మార్చను."

ఆమె తీగను బల్లమీద పెట్టింది. తొట్టిలో నీళ్ళు గుడగుడమంటున్నాయి. ఊరుకుంటే సరిపోతుంది. తలూపితే సరిపోతుంది. తుపాకి మీద బొర్తొలో పేరు, రొట్టెల దుకాణంలో ఎజీదియో పేరు, ఎక్కడివి అక్కడ ఉండిపోతాయి.

"పేరు వద్దు," అంది.

"అదేంటి?"

"ఎజీదియో చేతిలో లోపం లేదు. ఆ కొక్కెం ఎవరి చేతిలోనూ ఆగదట. ఆయనే చెప్పాడు, ఆసుపత్రిలో. వదిలెయ్యమన్నాడు."

ఫెర్మో అర్థంకానట్టు చూశాడు. "ఎవరికి చెప్పమన్నాడు?"

"మీకు."

ఆయన తలకిందులుగా ఉన్న చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి, ఆవిరి తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. అరుస్తాడని ఆమె ఎదురుచూసింది. అరిస్తే బాగుండుననీ అనుకుంది.

"వాడి భుజం, ఓర్సొలా," అన్నాడు.

"తెలుసు."

ఫెర్మో కళ్ళజోడు పెట్టుకున్నాడు. లేచి వెళ్ళిపోయాడు. తలుపు వెయ్యలేదు. కాసేపటికి ముందుగదిలో టెలిఫోను తిప్పుతున్న చప్పుడు, తర్వాత ఆయన గొంతు వినబడింది. కుళాయిల ఫ్యాక్టరీనా, ఎజీదియోని పిలవండి, అంటున్నాడు. పిలిచేదాకా ఆగుతానంటున్నాడు. అప్పుడెవరో పక్కన మిషను నడిపారు. తర్వాతి మాటలు ఆమెకు వినబడలేదు.

పొమ్మని ఆమెను ఎవరూ అనలేదు. సగం నలుపెక్కిన ఇనుమును వదిలేస్తే రాత్రికి రాత్రే మచ్చలు పడతాయి. అందుకని ఓర్సొలా మళ్ళీ గొట్టాలకు మందు పూసి, తడి పెట్టెలో ఉంచి, తుప్పు రాగానే ఉడికించి, రుద్దింది. ఈసారి నలుపు చిక్కగా పట్టింది. కాకిరెక్క మీద వెలుతురు పడితే కనబడే నీలం లాంటిది ఏదో దానిలో ఉంది. రెండు ట్రిగ్గర్లూ అంతే శ్రద్ధగా చేసింది. అన్నిటికీ నూనె పట్టించి, ఒకదానికొకటి తగలకుండా తీగలకు వేలాడదీసింది. పొయ్యి ఆర్పింది. తొట్టి వంచి నీళ్ళు పారబోసి, అడుగు గుడ్డతో తుడిచింది. మామూలుగా తొట్టి తుడిచే రోజు శనివారం. ఇవాళ బుధవారం.

కార్ఖానా వదిలినప్పుడు మగవాళ్ళు గుమ్మం దగ్గర సిగరెట్లు ముట్టించుకుంటున్నారు. వాళ్ళలో ఒకడు ఎప్పటిలాగే, "రేపు కలుద్దాం ఓర్సొలమ్మా," అన్నాడు. ఆమె వానకి తలగుడ్డ బిగించుకుంటూ చెయ్యి ఊపింది. వంతెన వైపు ఇంటిదారి పట్టకుండా, కొండ అవతలికి, కుళాయిల ఫ్యాక్టరీ వైపు వెళ్ళే బస్సు ఎక్కడం వాళ్ళు చూశారు. మర్నాడు పనికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

గదిలో తీగల కొసల నుంచి నూనెచుక్కలు రాలడం రాత్రికి ఆగిపోయింది. కిటికీ గట్టుమీద కప్పు ఎవరూ ముట్టనట్టే ఉంది. కాఫీ మీద మీగడలా సన్నటి పొర కట్టింది, చక్కెర కలపడానికి వేసిన చెంచా అందులో అలాగే నిలబడి ఉంది.