కిటికీ మూసిన గురువారం

జనం చేత కిటికీలు మూయించడం నా ఉద్యోగం. బిష్కెక్ నగరపాలక సంస్థ నన్ను పెట్టుకున్నదే అందుకు. చలికాలం వస్తే మా ఊళ్ళో బయట బొగ్గుపొగ, లోపల కణకణలాడే వేడిగొట్టాలు. పాత భవనాల్లో ఆ వేడిని తగ్గించుకునే మర ఉండదు. అందుకని మహానుభావులు కిటికీ పైమూల ఉండే చిన్న తలుపు తెరిచి, చొక్కాలు విప్పి, బయట మంచు కురుస్తుంటే లోపల ఐస్‌క్రీం తింటూ కూర్చుంటారు. మీరు వీధిని వెచ్చబెడుతున్నారు, ఆ వేడికోసం కాల్చిన బొగ్గే పొగై మీ పిల్లల గొంతుల్లోకి పోతోంది అని నేను ఇంటింటికీ తిరిగి చెప్పేదాన్ని. మా కింది వాటాలో లెక్కల మేష్టారు సాగిన్‌బాయ్ మాత్రం, "వీధి కూడా మనదేగా బక్తిగుల్, దానికి మాత్రం చలెయ్యదూ?" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఈ ఏడు 'వెచ్చని ఇల్లు' పథకానికి ముందుగా మా భవనాన్నే ఎంచుకున్నారు. మాది తనిఖీలో నెగ్గితే మా వీధిలో మిగతావాటికీ చేస్తామన్నారు. గోడలకి దళసరి పలకలు తొడిగారు, కిటికీలన్నీ పీకి కొత్తవి పెట్టడం మొదలుపెట్టారు. కొత్తవాటికి ఆ చిన్న తలుపు ఉండదు. పెద్ద రెక్క ఒకటే, పిడి తిప్పితే గాలి కూడా చొరకుండా బిగుసుకుపోతుంది. మా వాటాకి పనివాళ్ళు గురువారం సాయంత్రం వచ్చారు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ప్రతి గురువారం సాయంత్రం మా అత్తయ్య ఊల్కాన్ వంటింట్లో నూనె కాచుతుంది. పోయినవాళ్ళు మనలా అన్నం తినరు, మరిగే నూనె వాసనే వాళ్ళకి భోజనం. పిండిముక్కలు వేయించి బోర్సోక్ తీస్తుంటే ఆ వాసన కిటికీలోంచి వెళ్ళి వాళ్ళని పిలుచుకొస్తుంది. చివర ఖురాన్ వాక్యాలు చదివి, ఆ పుణ్యం వాళ్ళ పేర అప్పగించి, అరచేతులు మొహానికి రాసుకుంటే వాళ్ళు తృప్తిపడి వచ్చిన దారినే వెళ్ళిపోతారు. చదివేదాకా వాళ్ళు మన చుట్టాలు, కదలరు. నాకు వీటిమీద నమ్మకం లేదు గానీ, అత్తయ్య వేయించినవి తినడానికి నమ్మకంతో పనేముంది?

మా ఇంటికి రావలసినవాడు ఒక్కడే, ఉలార్బెక్. ఆవిడ కొడుకు, నా మొగుడు. లారీ నడిపేవాడు. కిందటి చలికాలం కనుమదారిలో మంచుపెళ్ల విరిగి బండిమీద పడింది. తవ్వి తీసేసరికి స్టీరింగు పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట. ఆ మాట నాకెవరూ చెప్పకుండా ఉండాల్సింది.

ఆ గురువారం నూనె పొగలు కక్కుతుండగా పనివాళ్ళు తలుపు తట్టారు. అలాంటప్పుడు గడప తొక్కిన మనిషిని తినిపించకుండా పంపకూడదు. అత్తయ్య వాళ్ళ చేతుల్లో వేడివేడి బోర్సోక్ పోసింది. వాళ్ళు నిలబడే తిన్నారు, నిలబడే పాత కిటికీ పీకారు. చీకటి పడకముందే ముగించాలని వాళ్ళ హడావిడి, గోడ పెచ్చులు ఊడకుండా చూడాలని నా అరుపులు. కొత్త కిటికీ బిగించి, సందుల్లో గట్టిపడే నురగ కొట్టి, థాంక్స్ చెప్పి పోయారు. అత్తయ్య చీపురు పట్టుకుని కిటికీకేసి చూస్తూ ఉండిపోయింది.

"చదవనే లేదు," అంది.

వచ్చేవారం రెండుసార్లు చదవండి అన్నాను. ఆవిడ నావైపు చూసిన చూపుకి నాకు నవ్వు ఆగిపోయింది.

మర్నాటినుంచి ఇల్లు పొయ్యిలా ఉంది. వంటింట్లో కిటికీ పక్కనున్న ఉలార్బెక్ కుర్చీ మాత్రం చల్లగా ఉంది. చెయ్యి పెడితే ఎముకలోకి దిగే చలి. నురగ సరిగ్గా కొట్టలేదని పనివాళ్ళని తిట్టుకుని, అంచుల వెంట నేనే టేపు అంటించాను. చలి తగ్గలేదు. ఆ పక్కన టీ పెట్టి అటు తిరిగి ఇటు తిరిగేసరికి పైన మంచుపొర కట్టేది. అత్తయ్య శాలువా కప్పుకుని తిరిగేది. తరవాతి గురువారం నా టేపు పీకకుండానే నూనె కాచింది, వాక్యాలు చదివింది. కుర్చీ అలాగే ఉంది.

ఆ వారంలోనే తనిఖీకి ఇంజనీరు తలాంత్ వచ్చాడు. అతని దగ్గర వేడిని చూసే కెమెరా ఉంటుంది. వెచ్చగా ఉన్నచోటు తెరమీద ఎర్రగానూ, చలి చొరబడేచోటు నీలంగానూ కనపడుతుంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నా వాటాలోనే నీలం తేలుతుందేమోనని నాకు ఒకటే కంగారు. అతను గోడలు చూశాడు, కిటికీ చూశాడు. అంతా ఎరుపే. తరవాత కెమెరా కుర్చీవైపు తిప్పి, అలాగే ఉండిపోయాడు.

నేనూ అత్తయ్యా వెనకనుంచి తొంగి చూశాం. కుర్చీలో నీలంగా ఒక మనిషి. భుజాలు, కొంచెం వంచిన తల, ముందుకి చాచిన రెండు చేతులు.

"కెమెరా పాడైనట్టుంది. వచ్చేవారం ఇంకోటి తెస్తాను," అన్నాడు తలాంత్. మా వాళ్ళలో ఎంత తొందరున్నా రొట్టె ముక్క కొరక్కుండా గుమ్మం దాటరు. అతను దాటేశాడు.

భయపడాల్సింది నేను కూడా. భయం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే, ఏడాది తరవాత మొదటిసారి సంతోషం వేసింది. ఆ రోజే కిటికీ పిడి ఊడదీసి నా సంచిలో వేసుకున్నాను. తనిఖీ పూర్తయ్యేదాకా ఎవరూ తెరవకూడదు అన్నాను. ఆఫీసు నుంచి పెందలాడే వచ్చేసి ఆ కుర్చీ పక్కన కూర్చునేదాన్ని. వేళ్ళు కొంకర్లు పోయేవి. మీదపడ్డ పనులూ, మేష్టారి వెటకారాలూ అన్నీ అతనికి చెప్పేదాన్ని. బతికున్నప్పుడు ఇంత ఓపిగ్గా ఎప్పుడూ విన్లేదు పాపం.

మళ్ళీ గురువారం వచ్చింది. అత్తయ్య మూకుడు పొయ్యిమీద పెట్టింది, నూనె మాత్రం పొయ్యలేదు. నా ఎదురుగా వచ్చి చెయ్యి చాపింది.

"పిడి ఇయ్యి అమ్మాయ్."

"తనిఖీ అవ్వలేదత్తయ్యా. మనవల్ల వీధి మొత్తానికి పథకం ఆగిపోతుంది."

"ఆఫీసు కబుర్లు ఆఫీసులో చెప్పుకో. వాణ్ణి కావాలనే మూసి పెట్టావు."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "బయట చలి ఎలా ఉందో చూశారా? ఆ చలిలోనే ఒకసారి పోయాడు. మళ్ళీ నా చేత్తో నేనే అందులోకి తోయమంటారా? ఇక్కడన్నా వెచ్చగా ఉండనివ్వండి."

అత్తయ్య కుర్చీ దగ్గరికి వెళ్ళి, ఖాళీగా ఉన్నచోట, కొడుకు చేతులుండాల్సినచోట తన చెయ్యి ఆనించింది. వేళ్ళు తెల్లబడిపోతున్నా తియ్యలేదు.

"వెచ్చగా ఉన్నాడనుకుంటున్నావా? ఆ కెమెరా డబ్బాలో చూశావుగా, చేతులెలా ఉన్నాయి? వాడు ఇంకా బండిలోనే ఉన్నాడే పిచ్చిదానా. మన ఇంట్లో కూర్చుని లేడు. దారి మూసుకుపోయింది, స్టీరింగు పట్టుకుని ఎవరన్నా తవ్వుతారేమోనని చూస్తున్నాడు."

నేను రోజూ కబుర్లు చెప్పుకున్నది మంచులో కూరుకుపోయిన మనిషితోనని, ఆ మంచు మీద టేపు అంటించింది నేనేనని అప్పటికి తెలిసింది.

టేపు గోళ్ళతో పీకాను. పిడి పెట్టి తిప్పాను. మొదటిసారి జారిపోయింది, అత్తయ్య నా చేతిమీద చెయ్యి వేసి తిప్పింది. రెక్క తెరుచుకుంది. పొగ కలిసిన చలిగాలి మొహాన కొట్టింది. అత్తయ్య నూనె పోసి, ఒక్కొక్క ముక్కే వేస్తూ, ఏ తొందరా లేకుండా వేయించింది. కింద వీధిలోంచి సాగిన్‌బాయ్ మేష్టారు తెరిచిన మా కిటికీ చూసి, కంచే చేను మేస్తోందని అరిచాడు. మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. అత్తయ్య చదివింది, ఉలార్బెక్ పేర అప్పగించింది. అరచేతులు మొహానికి రాసుకున్నాం. నా చేతులు మొహం మీదనుంచి దించడానికి చాలాసేపు పట్టింది.

కిటికీ మళ్ళీ మూసింది అత్తయ్యే.

కాసేపటికి వంటిల్లు వేడెక్కింది. నేను ఇంటింటికీ తిరిగి చెప్పినంత వెచ్చగా, మూలమూలా. అత్తయ్య శాలువా తీసి మడత పెట్టుకుంది. నేను కుర్చీ మీద చెయ్యి వేసి చూశాను. చెక్క గోరువెచ్చగా ఉంది. ఎటు చూసినా అదే వెచ్చదనం, చల్లని చోటు వేలెడంత కూడా మిగల్లేదు. ఇల్లంతా వెతుక్కుని, నేలమీద కూలబడి ఏడ్చాను.