ఈ కారు ఎరుపు రంగు

పాత కార్లు అమ్మే కమ్రోన్ టెంటులో, నీలం కారు ముందు రతనా చేతులు కట్టుకుని నిలబడింది. భర్త వితూన్ పోయి వంద రోజులు దాటాయి. ఆయన వదిలి వెళ్లినవాటిలో ఆమెకు కంటగింపుగా మిగిలింది ఈ కారొక్కటే. తొమ్మిదేళ్లలో ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఆమెను ఇందులో ఎక్కించుకోలేదు మహానుభావుడు. గుడికైనా, పెళ్లికైనా ఇద్దరూ పాత పికప్పులోనే. నెలకో ఆదివారం పొద్దున మాత్రం తనొక్కడే ఈ కారెక్కి వెళ్లి, మధ్యాహ్నం భోజనాల వేళకి తిరిగొచ్చేవాడు. ఎక్కడికని అడిగితే "ఇంజను వేడెక్కించొద్దూ" అనేవాడు. కోరాట్ ఊరి ఎండల్లో ఇంజనుకి అంత చలేమిటో! ఎవత్తో ఉందని రతనా తొమ్మిదేళ్లుగా లోలోపల రగులుతూనే ఉంది. బండి చేతులు మారేలోపు ఆ సంగతేదో తేలాలి ఆమెకు.

కమ్రోన్ మాత్రం హుషారుగా ఉన్నాడు. అప్పట్లో వితూన్‌కి ఈ కారు తెప్పించింది కూడా ఆయనే. మూడింటికి ఖోన్ కేన్ నుంచి ఒక పళ్ల డాక్టరు చూడటానికి వస్తున్నాడు.

"ఎనిమిది సిలిండర్లు, రెండు టర్బోలు వదినా! ఆగినచోట నుంచి వంద వేగం అందుకోడానికి నాలుగు సెకన్ల చిల్లర. సీటు చల్లబడుతుంది, నడుం కూడా పడుతుంది. తలుపు కాస్త దగ్గరికి నెడితే చాలు, మిగతాది అదే లాక్కుంటుంది."

"నాకెందుకయ్యా ఈ దండకం? నేనేమన్నా కొంటానా?"

"తిరిగింది తొమ్మిదివేల తొమ్మిదివందల అరవై కిలోమీటర్లే. మీటరు వెనక్కి తిప్పారంటారేమో, ఇదిగో సాక్ష్యం!" అంటూ ఎడమ తలుపు తీశాడు. "పక్క సీటుకి కంపెనీ ప్లాస్టిక్ కూడా ఊడదీయలేదు."

రతనా వంగి చూసింది. కవరు మీద మడత పడలేదు, అంచున అతుకు కూడా తెగలేదు. అక్కడ ఎవరూ కూర్చోలేదు. తొమ్మిదేళ్ల అనుమానం అక్కడికక్కడే ఎగిరిపోయి, దాని చోట ఒళ్లుమండే కోపం వచ్చింది.

"ఖాళీ సీటు పక్కన పెట్టుకుని ఊరేగాడా! నేను కూర్చుంటే అరిగిపోతుందనా?"

కమ్రోన్ బట్టతల గోక్కున్నాడు. "అన్న చెప్పొద్దన్నాడు వదినా."

"చెప్పొద్దన్న మనిషి బూడిదైపోయాడు. చెప్పు."

ఆయన ఆమెను కారు వెనక్కి తీసుకెళ్లాడు. నీలం డిక్కీ మీద చిన్న తెల్లక్షరాల స్టిక్కరు: ఈ కారు ఎరుపు రంగు.

"ఆయనలా ఆదివారం పుట్టినోళ్లకి నీలం గిట్టదని, ఎరుపని రాస్తే ఆ దోషం పోతుందని అంటించారు. ఊళ్లో సగం బళ్లకి ఉంటాయి ఇలాంటివి. నాకు కళ్లు లేవా?"

"అంటించింది నేనే. అంటిస్తూ నోరూరుకోక ఒక మాటన్నాను. 'అన్నా, ఎరుపని రాస్తే ఇక ఇది ఎరుపు కిందే లెక్క. సోమవారం పుట్టినోళ్లకి ఎరుపు కీడు. వదిన ఏ వారం?' అని. ఇంటికెళ్లి మీ గుర్తింపు కార్డు మీద పుట్టిన తేదీ చూసి, క్యాలెండర్లన్నీ తిరగేశాడు. మర్నాడు మొహం వేలాడేసుకుని వచ్చి 'సోమవారంరా' అన్నాడు. మీతో చెప్పమన్నాను. 'చెబితే మొండికేసి ఎక్కి కూర్చుంటుంది. దానికేమన్నా అయితే నేను బతకలేను' అన్నాడు."

రతనా ఆ తెల్లక్షరాల మీద వేలు పెట్టి చూసింది. తర్వాత మెల్లగా అంది. "కార్డులో తేదీకి సోమవారమే. కానీ నేను పుట్టింది తెల్లారుజామున నాలుగింటికి. మా అమ్మ లెక్కలో, జాతకం రాసిన భిక్షువు లెక్కలో నాదీ ఆదివారమే."

కమ్రోన్ నోరు తెరుచుకుండిపోయింది. సూర్యుడొస్తేనే వారం మారుతుందని ఆయనకు తెలీని సంగతా?

"అయ్యో వదినా! వేళ అడగలేదు నేను. నా బుద్ధి గడ్డి తింది." రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకున్నాడు.

ఆమెకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. పైట చెంగు లేదు గనుక అరచేత్తోనే కళ్లు తుడుచుకుని, ముందు తలుపు దగ్గరికి నడిచి, సీటు మీది ప్లాస్టిక్‌ని చర్రున చించిపారేసింది.

"అయ్యయ్యో, ఏంటది వదినా!"

"ఆదివారాలు ఎక్కడికి పోయేవాడు?"

"లాం తకాంగ్ ఆనకట్టకి. గట్టు మీద కాఫీ తాగి వచ్చేసేవాడు."

"పద."

"పోయొస్తే పదివేలు దాటిపోద్ది! పదివేల లోపైతేనే కొంటానన్నాడు ఆ డాక్టరు. వెళ్లిపోతాడు."

"పోనీ. ఎక్కు."

హైవే ఎక్కాక కమ్రోన్ భయపడుతూనే కాలు కొంచెం గట్టిగా నొక్కాడు. కారు ఒక్క ఊపున దూసుకుపోయింది. రతనా కొత్త తోలు సీటుకి వీపు ఆనించి, ఎదురుగా అద్దంలోకి చూస్తూ, లేని మనిషిని తిట్టడం మొదలుపెట్టింది.

"మొద్దు మనిషీ! క్యాలెండరుని అడిగావు, కార్లమ్మేవాణ్ణి అడిగావు. పక్కనే పడుకునేదాన్ని, ఏ వేళప్పుడు పుట్టావే అని ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

ఆనకట్ట నీళ్లు కనబడేదాకా తిడుతూనే ఉంది.