చెంగల్రాయులు నలుపు

నేను ఒక ఎద్దు లాడాన్ని. చెంగల్రాయులు పోయిన పదకొండో రోజున ఆయన నలుపు కూడా పోయింది.

ఆ రోజు మైల తీసే రోజు. ఇంట్లో నిలవ నీళ్లన్నీ పారబోయాలి. ఆయన చెల్లెలు కుప్పమ్మ కుండలు ఒక్కొక్కటే ఖాళీ చేస్తూ, పెరటి మూలనున్న కుండనూ ఎత్తి కాలువలో వంచేసింది. నీళ్లతోపాటు నేనూ పడ్డాను.

ఆయన భార్య మొగిలమ్మ పరుగున వచ్చింది.

"ఏం పారబోసినావు కుప్పమ్మా?"

"మురుగునీళ్లు వదినా. ఒకటే కంపు! తుప్పుముక్క కూడా వేసి పెట్టినారు ఎవురో."

"మీ అన్నే. అది మీ అన్న నలుపు మే."

కుప్పమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొగిలమ్మ కాలువలోకి దిగింది. బురదలోంచి నన్ను తీసి చీర చెంగుతో తుడిచింది.

ఒక కమ్మరి నన్ను సాగగొట్టాడు. గిట్టకు రెండు లాడాలు. నా జత ఏమైందో తెలియదు. బండి లాగింది ఎద్దే గాని, అరిగింది నేను. ఊడి కాళహస్తి బాటలో పడి ఉంటే చెంగల్రాయులు చూసి, బంగారం దొరికినట్టు పంచెలో మూట కట్టుకున్నాడు. ఆయన కలంకారీ పనివాడు. కొత్త ఇనుము ఆయనకు పనికిరాదు, తుప్పు పట్టిందే కావాలి. పాతబడినందుకు ఒక వస్తువును మెచ్చుకున్న మనిషిని నేను అప్పుడే చూశాను.

నన్ను బెల్లం నీళ్లలో వేసి మూత కట్టాడు. మూడు వారాలకు ఆ నీళ్లు కసిం అవుతాయి, ఆయన గీతలు గీసే నలుపు అదే. చూడటానికి నల్లగా ఉండవు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డకు తగిలాకే నల్లబడతాయి. ఇక ఆ గీత చెరగదు. ఆయన కుండను ఏనాడూ పూర్తిగా ఖాళీ చేయలేదు. అడుగున కొంత ఉంచి, దానిమీదే కొత్త బెల్లం నీళ్లు పోసేవాడు. పంతొమ్మిదేళ్లు అలాగే సాగింది. నేను ఏటేటా సన్నబడ్డాను.

గీతలు ఆయనవి. వాటి నడుమ ఎరుపు, పసుపు, నీలం అద్దేది మొగిలమ్మ. చూడవచ్చినవాళ్లు "చెంగల్రాయులు చెయ్యే చెయ్యి" అనేవాళ్లు. ఆమె చేతిని గురించి అడిగినవాళ్లు లేరు. ఇక నన్నెవరు అడుగుతారు?

ఆయన పోయేనాటికి ఒక చెట్టు బొమ్మ సగంలో ఉంది. చెట్టుకు ఇరువైపులా రెండు నెమళ్లు. గుడ్డంతా ముందుగా చింతబొగ్గుతో గీసుకున్నాడు. ఎడమ సగం మాత్రమే కసింతో పూర్తయింది. నెమలి కాళ్లను మాత్రం ఆయన బొగ్గుతో గీసేవాడు కాదు. ఒక్కో నెమలి అంతా అయ్యాక నేరుగా కలంతో పెట్టేవాడు. ఎందుకని మొగిలమ్మ ఒకసారి అడిగింది.

"కాళ్లు ముందే పెడితే నిలస్తాదా మే? గోడ దూకి పోతాది."

"నీ కాళ్లు చాలవా, ఊరంతా తిరిగేదానికి!" అని ఆమె నవ్వింది.

బొగ్గు ఎక్కువ కాలం నిలవదు. అది రాలిపోతే ఆ కుడి సగంలో ఆయన చెయ్యి మిగలదు. కొత్త కసింకేమో మూడు వారాలు కావాలి. మొగిలమ్మ గుడ్డను మడవకుండా గోడకు కట్టి, గాలి తగలకుండా కిటికీ మూసింది. కుప్పమ్మ ఊరికి పోకుండా ఉండి బెల్లం దంచింది. నేను మళ్లీ కుండలోకి దిగాను.

మూడు వారాలకు గుడ్డ అంచున చుక్క పెట్టి చూస్తే బూడిద రంగు వచ్చింది.

"అంతా నా వల్లనే వదినా."

"ఇనుము అరిగిపోయిండాది. ఇంకొన్నాళ్లు కానీ. తొందరపడితే మీ అన్న తిట్టేవాడు."

ఇరవై తొమ్మిదో రోజున చుక్క నల్లబడింది. ఎడమవైపున్నంత నిండుగా కాదు. మొగిలమ్మ రెండు నలుపులనూ చాలాసేపు చూసింది. అప్పటికే కొన్ని ఆకుల దగ్గర బొగ్గు మసకబారింది. ఆమె వెదురు కలం ముంచి, ఆయన బొగ్గు గీత మీదే తన మొదటి గీత గీసింది. గీత వంకర పోయింది. ఆ వంకర గుడ్డ మీద అలాగే ఉంది. రెండో గీత అంత వంకర పోలేదు.

పదకొండు రోజులకు కుడి సగం అయింది. నేను ఇప్పుడు గోరంత పలచగా మిగిలాను.

"నెమలికి కాళ్లు మరిచిపోయినావు వదినా," అంది కుప్పమ్మ నిన్న.

"మరిచిపోలా," అంది మొగిలమ్మ.

కుండలో కసిం ఉంది. కలం పక్కనే ఉంది. కుడివైపు నెమలికి ఇంకా కాళ్లు గీయలేదు.