థింగ్‌వెట్లిర్‌లో బాప్తిస్మం

మనవడి పేరేమిటో సల్వోర్ అడగలేదు. వాళ్ల దేశంలో ఆనవాయితీ అది: బాప్తిస్మం దాకా కన్నవాళ్లు చెప్పరు, మిగతావాళ్లు అడగరు. అంతవరకు అందరికీ వాడు బుడ్డోడే. అడగాల్సిన అవసరమూ ఆమెకు కనిపించలేదు. పోయిన తాత పేరు మనవడికి కాక ఇంకెవరికి పెడతారు? అందుకే పక్కన ఎవరూ లేనప్పుడు వాణ్ణి టేతుర్ అని తన భర్త పేరుతోనే పిలిచేది. వాడు తల తిప్పి బోసినవ్వు నవ్వేవాడు.

ఆదివారం పొద్దున్నే రేక్యావిక్ నుంచి కారులో థింగ్‌వెట్లిర్ బయలుదేరారు. అక్కడి నేల ఏటా కాస్త కాస్త విడిపోతోంది కదా, ఆలస్యమైతే చర్చి అవతలి గట్టుకు పోతుందని కొడుకు బోర్కుర్ వేళాకోళమాడాడు. రాత్రంతా నిద్రలేని కోడలు సున్నేవా నవ్వలేదు.

చిన్న చెక్క చర్చిలో పాస్టరు పిల్లాడి పేరడిగాడు.

"లోగి," అంది సున్నేవా.

సల్వోర్ అందరితో పాటు పాట పాడింది. కొడుకు మీద మాత్రం ఒళ్లు మండిపోయింది.

తర్వాత పిల్లాణ్ణి తోపుడు బండిలో పడుకోబెట్టి, నేల చీలిన చోట రాతిగోడల మధ్య దారిలో నడిచారు. ఒకప్పుడు దేశమంతా గుమిగూడి చట్టాలు విన్న బండ దగ్గర టూరిస్టులు ఫొటోలు దిగుతున్నారు. బోర్కుర్ తల్లి పక్కకొచ్చి అలిగావా అని అడిగాడు. ఆమె లేదంది.

"నాన్న పేరెట్టి వాణ్ణి తిట్టలేనమ్మా."

"బతికున్నన్నాళ్లూ నేను తిట్టాను మీ నాన్నని. నా నోరేం పడిపోలేదే."

ఇంతలో గాలి విసురుకు బండిలో పిల్లాడు లేచి గుక్కపట్టాడు. లోగీ, లోగీ అని తల్లీతండ్రీ ఎంత బుజ్జగించినా ఏడుపు ఆపలేదు. సల్వోర్ బండి మీదికి వంగింది. అలవాటైన నోరు ఊరుకోలేదు.

"టేతుర్."

ఏడుపు ఠక్కున ఆగింది. వాడు ఆమెను చూసి నవ్వాడు. బోర్కుర్ మొహం రాతిగోడ వైపు తిప్పుకున్నాడు.

"ఎప్పట్నుంచి పిలుస్తున్నావలా?" అంది సున్నేవా.

"ఆసుపత్రి నుంచి తెచ్చిన దగ్గర్నుంచి."

సున్నేవా పిల్లాణ్ణి ఎత్తి అత్తగారి చేతుల్లో పెట్టింది.

"మేం పిలిస్తే పలకట్లేదు వీడు. అలవాటు చేసింది నువ్వే, మాన్పించేదీ నువ్వే."

వాడింకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ పేరు ఇంకొక్కసారి అనాలని సల్వోర్ ప్రాణం కొట్టుకుంది.

"లోగి," అంది.

ఇంకెవరినో పిలుస్తోందనుకున్నట్టు వాడు ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. ఆమె మళ్లీ పిలిచింది.