ఇద్దరి తరఫునా ఒకే సాక్ష్యం

"కూడికలో నువ్వేం సాక్ష్యం చెప్పే పనిలేదులే. ఇద్దరి తరఫునా నేనే చెప్తా," అన్నాడు యెషయా, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ.

వంటింట్లో ఎర్రగడ్డలు తరుగుతున్న ఫెబా "సరే" అంది. ఆ మాట ఆమె నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. సాయంత్రం నంద్యాలలో వాళ్ళింట్లోనే కృతజ్ఞత కూడిక. యెషయాకు ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది. ఫెబా అత్త కృపావతి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోంది. రెండు మేళ్ళకూ కలిపి దేవునికి స్తోత్రాలు చెల్లించుకోవాలని పాస్టరు జోసెఫ్ అయ్యగారినీ, సంఘంలో వాళ్ళనూ పిలిచారు. పాటలు, ప్రార్థన, దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పే ఇంటాయన సాక్ష్యం, ఆ తర్వాత భోజనాలు. మేళ్ళు దేవుడివి, సాక్ష్యం యెషయాది, ఎర్రగడ్డలు ఫెబావి.

అలాగని ఆమె ఏడుస్తూ తరుగుతోందని అనుకునేరు. కళ్ళు మండితే మండాయి గానీ, మనసులో ఆమె కూడా స్తోత్రాలే చెప్పుకుంటోంది. ఫెబాది అదో స్వభావం. బస్సులో సీటు దొరికితే కృతజ్ఞత, గ్యాసు పండగ ముందు రోజు కాకుండా మర్నాడు అయిపోతే కృతజ్ఞత. అయితే ఈ మూడేళ్ళుగా ఆమె చెప్పుకునే స్తోత్రాల్లో పెద్దది ఒకటుంది. దాని సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

ఆళ్ళగడ్డ దగ్గర ఆడపిల్లల గురుకుల పాఠశాలలో ఆమె సోషల్ టీచరు. పొద్దున్నే నంద్యాలలో బస్సెక్కి పోయి, పొద్దుగూకాక తిరిగొస్తుంది. మూడేళ్ళ కిందట ఆ బడికి ఎన్.సి.సి. వచ్చింది. పిల్లలకు ఖాకీ బట్టలు, బూట్లు, టోపీలు దిగాయి గానీ, వాళ్ళను నడిపించే టీచరు ఎవరని అడిగితే స్టాఫ్‌రూములో ఒక్కరూ తలెత్తలేదు. ఎండలో నిలబడే పని, పొద్దున్నే రావాలి, ఆదివారాలు క్యాంపులు. "ఫెబా అయితే కాదనదు," అని ప్రిన్సిపాల్ మేడమ్ నవ్వుతూ తేల్చేసింది. అందరూ హాయిగా చప్పట్లు కొట్టారు. ఎవరికీ అక్కర్లేని పనీ, ఎవరినీ కాదనలేని మనిషీ. జోడీ బాగా కుదిరింది!

మొదటి పరేడ్ రోజు గ్రౌండులో ఫెబా "సావధాన్" అంటే ముందు వరసకే వినబడలేదు. వెనక వరసలో పిల్లలు ఇంకా జడలు సర్దుకుంటున్నారు. ఆమెకు ఏడుపొచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళుగా మెల్లగా మాట్లాడమనే చెప్పారు అందరూ. పుట్టింట్లో నాయన యాకోబు పేపరు చదువుతుంటే మెల్లగా, అత్తింట్లో పక్కింటివాళ్ళు వింటారని మెల్లగా, బళ్ళో ఇన్‌స్పెక్షన్ వచ్చిందని మెల్లగా. అడగాల్సినవన్నీ సగం గొంతుతో అడిగీ అడిగీ, మిగతా సగం ఎక్కడుందో ఆమెకే తెలియకుండా పోయింది. అప్పుడు రుద్రవరం పిల్ల మంజుల ముందుకొచ్చి చెప్పింది: "మేడమ్, మా చేన్లో అడవి పందులు పడితే మా నాయన అరుస్తాడు సూడండి, అట్ల అరవాల. గొంతులోంచి గాదు, కడుపులోంచి." పిల్లలంతా పకపకా నవ్వారు. ఫెబాకూ నవ్వొచ్చింది. నవ్వి, ఊపిరి నిండా పీల్చి, రుద్రవరం పందులన్నీ అడవి పట్టేలా అరిచింది. డెబ్భై బూట్లు ఒక్కసారి నేలను కొట్టాయి. ఆ శబ్దం ఆమె అరికాళ్ళలోంచి పైకి పాకింది. అమ్మో, ఇదంతా నా లోపలే ఉందా అనుకుంది. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సిరివెళ్ళ దాటేవరకూ ఒక్కతే నవ్వుకుంటూనే ఉంది.

ఇంట్లో మాత్రం ఆ గొంతుకు చోటు లేదు. ఒకసారి పాలు పొంగబోతున్నాయని హాల్లోంచి ఆమె అరిస్తే యెషయా చేతిలో ఫోను కింద పడింది. "ఏందీ ఆ గొంతు? ఇదేమన్నా మిలిటరీ క్యాంపా?" అన్నాడు. కృపావతి కోడలి ఖాకీ బట్టలు దండెం మీద కనబడినప్పుడల్లా, "మీ నాయన నిన్ను ఆడపిల్లగా పెంచినాడా, పోలీసుగా పెంచినాడా మ్మీ?" అని అడుగుతుంది. అడిగి, తన మాటకు తనే నవ్వుకుంటుంది. ఆదివారం క్యాంపు ఉంటే శనివారమే రెండు రోజుల కూరలు వండి పెట్టిపోవాలి. ఒకసారి పప్పు పులిసిపోతే, ఆ పప్పు గురించి నెల రోజులు చెప్పుకున్నారు. ఆమె బడి పిల్లలు జిల్లా పోటీల్లో డ్రిల్లుకు మొదటి బహుమతి తెచ్చిన సంగతి ఒక్క పూట కూడా చెప్పుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. పిల్లలను నడిపించే టీచరు గ్వాలియర్‌లో రెండు నెలలకు పైగా ట్రైనింగు చేసి, ఆఫీసరై రావాలి. అప్పటిదాకా ఆమె పేరుకు చూసుకునే మనిషే. పోయినేడు పిలుపొచ్చింది, అత్తకు ఆపరేషనని వెళ్ళలేదు. ఈ ఏడు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరూ వెళ్ళకపోతే ఎన్.సి.సి.ని ఇంకో బడికి ఇచ్చేస్తారట. "సోమవారం నాటికి ఏదో ఒకటి చెప్పమ్మా. నిన్ను బలవంతం చేయను," అంది ప్రిన్సిపాల్. దొర్నిపాడు నుంచీ, రుద్రవరం నుంచీ వచ్చిన కూలీనాలీ చేసుకునేవాళ్ళ పిల్లలు, ఖాకీ తొడుక్కున్న రోజు అద్దం ముందు నుంచి కదలని పిల్లలు, ఆ బట్టలు తిరిగి ఇచ్చేయాలని చెబితే వాళ్ళ మొహాలెలా ఉంటాయో ఫెబా ఊహించలేకపోయింది. ఇంట్లో అడిగింది. యెషయా టీవీ చూస్తూ, "రెండు నెలలా? ఇల్లెవరు చూస్తారు? సూద్దాంలే," అన్నాడు. చూద్దాం అంటే ఇంకా తేలలేదని ఆమె అనుకుంది. చూద్దాం అంటే తేలిపోయిందని ఆయన అనుకున్నాడు. కాపురాల్లో ఇలాంటివి ఎన్ని జరిగిపోతాయో!

సాయంత్రం అరుగు దాకా చాపలు పరిచారు. పాటలు అయ్యాయి. అయ్యగారు వాక్యం చదివారు. యెషయా తెల్లచొక్కాతో లేచి నిలబడ్డాడు. తలుపు పక్కన ఆడవాళ్ళతో కూర్చున్న ఫెబా చేతులు ఇంకా మసాలా వాసన కొడుతున్నాయి.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. దేవుడు నా ఉద్యోగంలో హెచ్చించినాడు, స్తోత్రం. మా అమ్మను నడిపించినాడు, స్తోత్రం." అందరూ స్తోత్రం అన్నారు. ఫెబా కూడా మనస్ఫూర్తిగా అంది. "ఇంకో మేలు గూడా చెప్పాల. మా ఇంటామెకు యాడనో ఉత్తరాన ట్రైనింగని పిలుపొచ్చింది. కానీ దేవుడు ఆమె మనసు మార్చినాడు. ఇంటి కోసం ఆమె మానుకున్యాది. మంచి భార్యను ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం."

"స్తోత్రం!" అన్నారు అందరూ, అన్నిటికంటే గట్టిగా.

ఫెబా నోట్లో మాత్రం ఆ మాట ఆగిపోయింది. పక్కనున్న ఆవిడ ఆమె భుజం తట్టి, "మంచి పని చేసినావు," అంది. సంఘంలో ఆ ఆచారం అందరికీ తెలిసిందే. కృతజ్ఞత కూడికలో చెప్పుకున్న మేలు జరిగిపోయిన మేలు. దాన్ని ఇక ఎవరూ కదపరు. దేవుడి ముందు పెట్టి, ఊరంతా స్తోత్రం అన్నాక, సోమవారం ప్రిన్సిపాల్‌తో వేరే మాట చెప్తే ఫెబా మొగుణ్ణి అబద్ధాలకోరును చేసినట్టే. యెషయా కావాలని చేశాడా? లేదు పాపం. అతను నిజంగా సంతోషపడుతున్నాడు. అంత సంతోషంగా, అంత ప్రేమగా, ఆమెను అడక్కుండా ఆమెను ఇచ్చేశాడు. కోపంగా ఇచ్చి ఉంటే ఫెబాకు ఇంత నొప్పి పుట్టేది కాదు.

"ముగింపు ప్రార్థన చేసుకుందాం," అంటూ అయ్యగారు లేవబోయారు.

ఫెబా లేచి నిలబడింది. "అయ్యగారూ, నేనూ సాక్ష్యం చెప్పాల."

యెషయా తల తిప్పి చూశాడు. కృపావతి కోడలి చీర కొంగు పట్టుకుని లాగి, "కూచో మ్మీ, కూర సల్లారిపోతాది," అని గుసగుసలాడింది. ఫెబా కూర్చోలేదు.

"దేవుడు మా అత్తకు మళ్ళీ నడక ఇచ్చినాడు. ఆమె ఫస్టు అడుగు నా చెయ్యి పట్టుకోనే వేసింది, అందుకు స్తోత్రం. వానొచ్చినా గాలొచ్చినా మా ఆయన నన్ను రోజూ బస్టాండులో దింపుతాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోడు, అందుకు స్తోత్రం." యెషయా తల దించుకున్నాడు. "నాకు గొంతు లేదనుకున్యా. ఉందని మా బళ్ళో పిల్లోళ్ళు సూపించినారు. మూడేండ్లుగా ఎవరికీ చెప్పకుండా నేను చేసుకుంటాండే స్తోత్రం అదొకటే. ఇంకొక్క మాట. మా ఆయన ఇప్పుడు చెప్పింది తప్పు గాదు, పొరపాటు. నేను ట్రైనింగు మానుకోలే. ఆయన నన్ను అడగలే, నేనూ గట్టిగా చెప్పలే. దేవుని ముందర చెప్పిన మాట కదా, సరిచేయకపోతే అది అబద్ధమై కూచుంటాది. నేను గ్వాలియర్ పోతాండా. నా కోసం ప్రార్థన చేయండి."

సంఘపెద్ద ఒకాయన గొంతు సవరించుకుని, "మరి అన్ని దినాలు ఇల్లు ఎట్లమ్మా?" అన్నాడు.

"ఇంట్లో ఇద్దరుంటారు గదా అన్నా," అంది ఫెబా.

అయ్యగారు కాసేపు ఆమెను, కాసేపు యెషయాను చూశారు. సాక్ష్యం చెప్పి ప్రార్థన అడిగిన మనిషిని కాదనే అలవాటు ఆయన పాతికేళ్ళ సేవలో లేదు. "అందరం లేచి నిలబడదాం," అన్నారు. ఫెబా ప్రయాణం కోసం, రైలు కోసం, అక్కడి చలి కోసం, ఆమె పోయి వచ్చేదాకా ఈ ఇంటి పొయ్యి కోసం, పేరు పేరునా ప్రార్థించారు. ఆఖర్న అందరూ ఆమెన్ అన్నారు. కృపావతి కూడా అంది, గొణుక్కుంటూనే.

యెషయా ఆమెన్ కాస్త వెనక వచ్చింది. రాకపోయినా ఫెబా వెళ్ళేదే. వచ్చింది గనుక, కళ్ళు మూసుకునే ఉండి, దానిక్కూడా ఒక స్తోత్రం చెప్పుకుంది.